అణియంలో మనిషి

మిషను పెట్టె తోపుడుబండి మీద రేవులోకి వచ్చేసరికి, చేపల బుట్టలు కడుగుతున్నవాళ్ళు చేతులు ఆపకుండానే మెడలు చాచారు. అక్క బండి పక్కనే నడుస్తోంది. రాళ్ళ మీద చక్రం ఎగిరినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి వేసి ఆపుతోంది.

"ఏంటక్కా, కొత్త కోడల్ని తెస్తున్నట్టు తెస్తున్నావ్?" అని ఎవరో అడిగారు.

"కోడలైతే కూర్చుని తింటుంది. ఇది పని చేస్తుంది," అంది అక్క. నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది.

రేవులో అందరికీ ఆమె అక్కే. తమ్ముడు పిలిచే పిలుపు అందరికీ అంటుకుంది. ఆమె భర్తను సరంగు అంటారు, పడవ నడిపేవాడు కాబట్టి. తమ్ముడికైతే అసలు పేరుతో పనే లేకుండా పోయింది. పడవ ముందు కొసన, అణియంలో నిలబడి లంగరు వేసేదీ లాగేదీ అతనే కాబట్టి అతన్నే లంగరు అనేవారు. లంగరు వచ్చాడా, లంగరు టీ తాగాడా, లంగరుకు జ్వరమట.

వాళ్ళది గాలాల పడవ, చిన్నది. మనుషులు ఇద్దరే. నీటి అడుగున రాళ్ళున్న చోట లంగరు దించి, చేతి గాలాలు వేసి కూర్చుంటారు. చేప తగలకపోతే లంగరు లేపి ఇంకో చోటికి పోతారు. ఎన్ని చోట్లు మారితే అన్నిసార్లు లంగరు లాగాలి. అలా లాగి ఇంటికొచ్చిన తమ్ముడు గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి కూడా గోడ పట్టుకునేవాడు. అది చూసినప్పటినుంచీ లంగరు లాగే మిషను పెట్టించమని అక్క మొగుడి చెవిలో జోరీగలా తిరిగింది. "రెండు జతల చేతులుండగా మిషనెందుకే?" అని సరంగు ఒకటే మాట. అలాంటివాడు ఈ మధ్య ఒకరోజు చీలమండ దగ్గర తోలు ఊడి, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. డెక్కు మీద జారానన్నాడు. గాయం చీలమండ చుట్టూ కడియంలా ఉంది. జారితే అలా ఎందుకవుతుందని ఆమె అడగలేదు, మందు రాసి కట్టు కట్టింది. మర్నాడు ఎవరూ అడక్కుండానే అతను దుకాణానికి వెళ్ళి మిషను చెప్పి వచ్చాడు. ఆ సంతోషంలో ఆమెకు ఇంకేమీ తట్టలేదు.

పెట్టె విప్పారు. గడ్డి మధ్యలో మిషను, దాని పక్కన కొత్త గొలుసు, నీళ్ళలోంచి అప్పుడే తీసిన చేపలా మెరుస్తూ.

"అయిపోయింది లంగరూ, నీకు సవతి వచ్చేసింది," అన్నాడు వడ్రంగి.

"సవతి కాదు మావా, దాసి. ఇక నేను వేలు ఆడించడం, అది లాగడం," అన్నాడు తమ్ముడు.

పడవను గట్టుకు చేర్చి కట్టారు. అణియం దగ్గర డెక్కు చెక్క పల్చన. మిషను బరువుకు తోడు లంగరు బరువు దాని మీద పడితే చెక్కతో సహా ఊడొస్తుందని వడ్రంగి అడుగున ఇంకో మందపాటి పలక వేశాడు. బోల్టులకు చిల్లులు తొలిచాడు. తొలిచిన పొట్టును నోటితో ఊది, చిల్లుల అంచులకు నీరు దిగకుండా లేపనం పట్టించాడు. పైనుంచి బోల్టు దిగితే కిందనుంచి నట్టు ఎక్కించాలి. తమ్ముడు అణియం కింది గదిలోకి పాక్కుంటూ వెళ్ళి వెల్లకిలా పడుకున్నాడు. అతని పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. అక్క గట్టు మీద కూర్చుని ఆ పాదాల వైపు చూస్తోంది. ఇంకా చిన్నప్పటిలాగే ఎడమకాలి బొటనవేలు పక్కకు తిరిగి ఉంది.

"ఎక్కిందా?" పైనుంచి వడ్రంగి.

"ఉండు."

"ఎక్కిందా?"

టప్పుమని నట్టు పడిన చప్పుడు.

"ఏం లంగరూ, చేతులకు నూనె రాసుకొచ్చావా?"

"చీకటిగా ఉంది మావా. కళ్ళు కనిపించట్లేదు."

"నట్టు ఎక్కించడానికి కళ్ళెందుకోయ్, చేతికి తెలియదా?"

కాసేపటికి మళ్ళీ టప్పుమంది. వడ్రంగి పానా కింద పెట్టి, "చేపలు అలిగాయన్నావ్, ఇప్పుడు నట్టులు కూడా అలిగాయా?" అన్నాడు. ఈ మధ్య తమ్ముడి గాలానికి చేపలు సరిగ్గా పడటం లేదని, అవి తన మీద అలిగాయని అతనే అందరికీ చెప్పుకుని నవ్వుతుంటాడు.

సరంగు బీడీ పారేసి లేచాడు. "నువ్వు బయటికి రారా. నేను దూరతాను."

"నీ పొట్ట పట్టదు బావా."

"పట్టకపోతే సగం ఇక్కడే వదిలేసి వెళ్తాలే. రా."

తమ్ముడు వెనక్కి పాకి బయటికొచ్చి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. సరంగు మూలుగుతూ, కుంటికాలు ఈడ్చుకుంటూ లోపలికి దూరాడు. నట్టులన్నీ ఒకదాని వెంట ఒకటి ఎక్కేశాయి. పైకి ఎంత గదమాయించినా ఈ మనిషికి తమ్ముడంటే ఎంత మురిపెమో అనుకుంది అక్క. ఆ పూట ఆమె కడుపు నిండిపోయింది.

మర్నాడు కరెంటు మేస్త్రి వచ్చాడు. ఆయన నోట్లో ఎప్పుడూ రెండు మూడు స్క్రూలు ఉంటాయి. వాటి మధ్యనుంచే మాట్లాడతాడు. వేలెడు మందాన ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి వెనక ఉన్న బ్యాటరీ నుంచి పడవ గోడ పొడుగునా ముందుకు లాగి, అడుగడుక్కీ బిగించుకుంటూ వెళ్ళాడు. అక్క క్యారేజీ పట్టుకుని పడవ ఎక్కేటప్పటికి ఆ పని అయిపోయింది. సరంగు స్టీరింగు దగ్గర నిలబడి ఉన్నాడు. తమ్ముడు అణియంలో మోకాళ్ళ మీద కూర్చుని ఇనుప బ్రష్షుతో గొలుసు రుద్దుతున్నాడు.

మేస్త్రి నోట్లోంచి స్క్రూలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అంటే ముఖ్యమైన మాట అన్నమాట.

"స్విచ్చు ఎక్కడ పెట్టమంటారు?"

మేస్త్రి ముందుకోసారి, వెనక్కోసారి చెయ్యి చూపించాడు.

"ముందు పెడితే లంగరు దగ్గరే నిలబడి, నీళ్ళలోకి చూసుకుంటూ నొక్కుకోవచ్చు. దానికి ఒక మనిషి కావాలి. వెనక, స్టీరింగు పక్కన పెట్టామనుకోండి, సరంగు ఉన్నచోటినుంచే నొక్కుకుంటాడు. ఇంకొకరితో పనిలేదు. ఎక్కడో ఒకచోట చెప్పండి. చిల్లు పొడిచాక మళ్ళీ మార్చమంటే బాగుండదు."

అక్క క్యారేజీ మూత తీస్తోంది. ముందే పెట్టమంటాడు, ఇందులో అడగడానికేముంది అనుకుంది. తల ఎత్తి చూసేసరికి సరంగు అణియం వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తమ్ముడు వంచిన తల ఎత్తలేదు. బ్రష్షు గరగరమని నడుస్తూనే ఉంది.

సరంగు స్టీరింగు పక్కన చెక్క మీద వేలు పెట్టాడు. "ఇక్కడ పెట్టు."

"వెనకేనా?"

"చెప్పాగా. ఇక్కడే."

బ్రష్షు ఒక్క క్షణం ఆగి మళ్ళీ గరగరమంది. గట్టు మీద కూర్చున్న వడ్రంగి పని లేకపోయినా ఉలి తీసి ఒరుసుకోవడం మొదలుపెట్టాడు. క్యారేజీ మూత అక్క చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రానికి స్విచ్చు కూర్చుంది. రెండు రబ్బరు బొత్తాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. సరంగు నొక్కగానే మిషను గుర్రుమని, గొలుసు కణుపు కణుపుగా నీళ్ళలోంచి ఎక్కి వచ్చి, డెక్కులోని చిల్లులోంచి కింది గదిలోకి గలగలా రాలింది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడు కూడా కొట్టాడు. అరచేతులు కలిశాయి గాని చప్పుడు రాలేదు.

"ఇక నీ పేరు మార్చాలి లంగరూ," అన్నాడు గుంపులోంచి ఒకడు. ఎవరూ నవ్వకపోయేసరికి వాడే దగ్గాడు.

ఇంటికొచ్చాక తమ్ముడు ఆకలి లేదని ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క అతని కంచం మీద మూత పెట్టి పెరట్లోకి వెళ్ళింది. సరంగు మెట్టు మీద కూర్చుని పాత లంగరు తాడు చుట్ట చుడుతున్నాడు. పడవలో దానితో ఇక పని లేదు. ఎన్నో ఏళ్ళ చేతుల రాపిడికి ఆ తాడు కొన్నిచోట్ల నున్నగా నిగనిగలాడుతోంది.

"మనిషి కావాలంటే ముందు, మనిషి వద్దంటే వెనక. మేస్త్రి విడమరిచి చెప్పాడు. నేనూ విన్నాను," అంది అక్క.

సరంగు తాడు చుట్టడం ఆపలేదు.

"వాడి నడుం పోతోందని నేను మిషను అడిగాను. వాణ్ణి దించెయ్యమని అడగలేదు. ఒక్క మాట నాతో అన్నావా? వాడితో అన్నావా? నలుగురి ముందు వేలు పెట్టి చూపించావు. వాడు తలెత్తాడా? ఎలా ఎత్తుతాడు?"

"మెల్లగా మాట్లాడు. వింటాడు."

"విననీ! నా తమ్ముణ్ణి ఒడ్డున పడేశావు."

ఎవరి కష్టాలైనా తీరితే ఒడ్డున పడ్డాడంటారు. చల్లగా అనే మాట అది. ఆమె నోట అదే మాట తిట్టులా వచ్చింది. సరంగు తల ఎత్తి ఆమెను చూశాడు.

"అవును. పడేశాను," అన్నాడు.

ఆ ఒప్పుకోలు ఆమెను ఇంకా మండించింది. అనకూడదనుకుంటూనే అనేసింది. "నీ సొంత తమ్ముడైతే ఇలాగే చేసేవాడివా?"

తాడు మీద అతని చేతులు ఆగాయి. చుట్టిన చుట్ట జారి సగం విడిపోయింది.

"నాకు తమ్ముడు లేడే," అన్నాడు మెల్లగా. మళ్ళీ మొదటినుంచీ చుట్టడం మొదలుపెట్టాడు.

చూశావా, నోటితో అనేశాడు, అనుకుంది అక్క. తమ్ముడు తనకేమీ కాడని చెప్పేశాడు. ఆమె లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

తెల్లారాక సరంగు డీజిల్ కోసం వెళ్ళాడు. అక్క ఇల్లు కూడా సర్దకుండా రేవుకు నడిచింది. మేస్త్రి తీగల చివర్లకు టేపు చుడుతున్నాడు. తమ్ముడు అణియంలో గొలుసు పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఆ స్విచ్చు తీసి ముందు పెట్టు," అంది అక్క పడవ ఎక్కుతూనే.

మేస్త్రి స్క్రూల మధ్యనుంచి, "సరంగు చెప్పాలక్కా," అన్నాడు.

"నేను చెప్తున్నా. చిల్లు పడితే పడనీ. బిరడా కొట్టించుకుంటాం."

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్ముయ్. నీకు తెలీదు."

"మేస్త్రీ, పోయి టీ తాగిరా," అన్నాడు తమ్ముడు. మేస్త్రి ఇద్దరి మొహాలూ చూసి, టేపు చుట్ట జేబులో వేసుకుని గట్టెక్కాడు. ఆయన టీకొట్టు వైపు మలుపు తిరిగేదాకా తమ్ముడు ఆగాడు.

"ఇలా కూర్చో."

అక్క కూర్చోలేదు.

"కూర్చోవే తల్లీ. నువ్వు నిలబడితే నేను తల ఎత్తి మాట్లాడాలి. మెడ నొప్పి."

ఆమె కూర్చుంది.

"చిన్నప్పుడు గుప్పిట్లో ఏముందో చెప్పమనేదానివి, గుర్తుందా? కళ్ళు మూసుకోమని చేతిలో ఏదో ఒకటి పెట్టేదానివి."

"ఇప్పుడదెందుకు?"

"పెట్టు."

అతను మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు మూసుకుని కుడిచెయ్యి చాపాడు. తాడు రాసి రాసి గట్టిపడిన అరచెయ్యి. అక్క చుట్టూ చూసింది. వడ్రంగి వదిలేసిన నట్టు ఒకటి డెక్కు మీద ఎండలో పడి ఉంది. తీసి అతని అరచేతి నడుమ పెట్టింది. అది బరువుగా, వెచ్చగా ఉంది.

వేళ్ళు కదల్లేదు. అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. దూరంగా ఎవరో పడవ అడుగున సుత్తితో కొడుతున్నారు.

"పెట్టక్కా," అన్నాడు.

ఆమె నట్టు వైపే చూస్తోంది.

"ఏం చేస్తున్నావ్? పెట్టు త్వరగా."

"పెట్టాను," అంది అక్క.

అతను కళ్ళు తెరిచి అరచేతిలోకి చూసుకున్నాడు. "నట్టా? గవ్వ అనుకున్నాను. నువ్వెప్పుడూ గవ్వే పెట్టేదానివి," అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి చెయ్యి వాల్చాడు. నట్టు దొర్లి పడింది.

"ఎప్పట్నుంచి?"

"ముందు తిమ్మిరనుకున్నాను. తర్వాత్తర్వాత ఇలా అయింది. మెడలో నరం నలిగిపోయిందన్నాడు డాక్టరు. లాగిన లాగుడంతా అక్కడికి చేరిందట. బావే తీసుకెళ్ళాడు. ఆ రోజు ఇంజను సామాను కోసం వెళ్తున్నామని చెప్పాం నీకు. మందులిచ్చాడు. వాడుతున్నాను. ఇంతకంటే కాకుండా చూసుకోమన్నాడు, అంతే." అతను తన చేతుల్ని వేరెవరి చేతుల్నో చూసినట్టు చూశాడు. "చేప కొరికినా తెలియదక్కా. దానికి తెలుస్తోంది, నాకు తెలియడం లేదు. ఎర తిని దర్జాగా పోతోంది. అలిగాయని నలుగురికీ చెప్పుకుంటున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను గొలుసు ఒళ్ళోకి లాక్కున్నాడు. "బావ కాలికి ఏమైందని చెప్పాడు నీకు?"

"డెక్కు మీద జారానన్నాడు."

"జారింది తాడు. నా చేతిలోంచి," అన్నాడు తమ్ముడు. "లంగరు దించుతూ పట్టుకునే ఉన్నాననుకున్నాను. చూస్తే పరిగెడుతోంది. బావ కాలు చుట్టలో పడింది. పడవ అంచుదాకా ఈడ్చుకుపోయింది ఆ మనిషిని. తాడు ఎక్కడో ముడిపడి ఆగింది కాబట్టి సరిపోయింది. ఆగకపోతే నేను ఒక్కణ్ణే వచ్చేవాణ్ణి నీ దగ్గరికి. ఏం చెప్పేవాణ్ణి నీకు?"

అక్క పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే చెప్తానన్నాను. చెప్తే నీళ్ళలో తోసేస్తానన్నాడు."

"మరి ఆ స్విచ్చు?"

"ముందే పెడతానని బావ ఒకటే పట్టు. నువ్వు ఊరికే కూర్చో, బొత్తం నొక్కు, అంటాడు. బొమ్మని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తీసుకెళ్తాడట. నేను పడవలో ఉంటే ఆయన కళ్ళు గాలం మీద ఉంటాయా? నా మీదే ఉంటాయి. నడినీళ్ళలో ఒక మనిషి రెండు కాపలాలు ఎలా కాస్తాడు? పైగా ముందు స్విచ్చుందంటే నాకు దిగబుద్ధి కాదక్కా. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఎక్కుతూనే ఉంటాను." అతను గొలుసు కణుపు ఒకటి ఎత్తి వదిలాడు. "వెనక పెట్టమని నేనే చెప్పాను బావకు, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు. ఒప్పుకోలేదు. మేస్త్రి అడిగినప్పుడు కూడా నా వైపు చూశాడు. నువ్వు చూడలేదా?"

"చూశాను."

"నేను తల ఎత్తితే ముందే పెట్టమనేవాడు. అందుకే ఎత్తలేదు."

అక్క అతని ఒళ్ళోని గొలుసును చూసింది. మొన్న పెట్టెలోంచి తీసిన గొలుసు. తళతళలాడే కొత్త గొలుసు, ఎక్కడా మచ్చ కూడా లేదు. ఏ తుప్పును రుద్దాడు అంతసేపు? కళ్ళెదురుగా రుద్దుతుంటే తనకెందుకు తట్టలేదు?

"నువ్వు మిషను అడిగినందుకని నీ మీద వేసుకోకు. అడక్కపోయినా ఇదే అయ్యేది," అన్నాడు తమ్ముడు. "రాత్రి బావను ఏమేమో అన్నావు. అన్నీ విన్నాను. లేచొచ్చి చెప్పేద్దామనుకున్నాను. ధైర్యం చాల్లేదు."

ఆ సాయంత్రం సరంగు పెరటి మెట్టు మీద కూర్చున్నప్పుడు అక్క వేడినీళ్ళ గిన్నె, మందు డబ్బా తెచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. గాయం ఎండిపోయింది. కొత్త తోలు లేతగా, ఎర్రగా, చీలమండ చుట్టూ తిరిగి ఉంది. తాడు మెలికల గుర్తులు కూడా తోలు మీద పడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ కట్టు కట్టిన చేతులే, ఆ మెలికలు ఇప్పుడు చూశాయి. ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని మందు రాసింది.

"మానిపోయిందిగా," అన్నాడు సరంగు.

"ఉండనీ."

ఒక కాకి గోడ మీద వాలి ఎగిరిపోయింది.

"నిన్న నోరు జారాను," అంది అక్క.

"నీ నోరు ఎప్పుడు జారలేదు గనక," అన్నాడు సరంగు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పాడా?" అని అడిగాడు.

ఆమె తల ఊపింది. అతను ముందుగది వైపు చూసి, "నన్నొక్కణ్ణే పొమ్మంటాడే," అన్నాడు. "గాలం పనేముంది, ఒక్కణ్ణే చేసుకుంటాను. అది కాదు. అంతసేపూ ఎవడితో మాట్లాడను?"

నాకు తమ్ముడు లేడే అని నిన్న అతను అన్న మాట ఆమెకు మళ్ళీ వినిపించింది. ఇప్పుడది ఇంకోలా వినిపించింది. మందు డబ్బా మూత ఎంతకీ సరిగ్గా పడలేదు.

మర్నాడు పడవ బయల్దేరింది. చీకటి విడుతుండగా లేచి అక్క అలవాటుగా రెండు క్యారేజీలు సర్దింది. సర్దాక చూసుకుని, ఒకటి వెనక్కి తీయబోయింది. సరంగు వచ్చి రెండూ అందుకున్నాడు.

పడవ ఎప్పటిలాగే గట్టుకు కాస్త అవతల లంగరు మీద ఉంది. వేరే పడవవాళ్ళు దారిలో సరంగును దానిలో దించి పోయారు. అక్క, తమ్ముడు గట్టు చివర నిలబడ్డారు. తమ్ముడు శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. పైబొత్తం పెట్టుకోలేక వదిలేశాడు. చేతులు చంకల్లో ఉన్నాయి.

రోజూ ఈ వేళకు అక్క ఇక్కడే నిలబడేది. లంగరు అడుగునుంచి ఊడిన క్షణం తాడులోంచి తమ్ముడి చేతులకు తెలిసేది. "లేచింది!" అని వెనక్కి కేక పెట్టేవాడు. సరంగు చెయ్యెత్తి, ఇంజను ముందుకు తోసేవాడు. ఆ కేక విన్నాకే ఆమె ఇంటిదారి పట్టేది. అంతకుముందు ఎంత పని ఉన్నా కాళ్ళు కదిలేవి కావు.

ఇంజను చిన్నగా మొదలైంది. సరంగు వంగి స్విచ్చు నొక్కడం కనిపించింది. మిషను గుర్రుమంది. గొలుసు గలగలలాడుతూ ఎక్కింది. ఏ చేతులూ లేకుండా అది అలా తనంతట తానే ఎక్కుతుంటే చూడటానికి వింతగా ఉంది. నీళ్ళోడుతూ లంగరు పైకి వచ్చి, అణియం అంచున టక్కున కూర్చుంది. మిషను ఆగింది.

పడవ కదల్లేదు. ఇంజను అలాగే చిన్నగా కొట్టుకుంటోంది. సరంగు స్టీరింగు పట్టుకుని, ఎవరూ లేని అణియం వైపు చూస్తూ నిలబడ్డాడు. లంగరు లేని పడవ నెమ్మదిగా పక్కకు తిరగడం మొదలుపెట్టింది. వెనకనుంచి వస్తున్న ఇంకో పడవలోంచి, "ఏంటి సరంగూ, నిద్రపోయావా?" అని ఎవరో అరిచారు.

"లేచింది బావా," అన్నాడు తమ్ముడు, తనలో తాను. "లేచింది, పో."

"గట్టిగా చెప్పరా. వినపడదు," అంది అక్క.

అతను ఆమె వైపు చూశాడు. చేతులు చంకల్లోంచి తీసి, ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"లేచింది బావా!"

కేక నీళ్ళ మీదుగా వెళ్ళింది. సరంగు వెనక్కి తిరగలేదు. ఎప్పటిలాగే చెయ్యి పైకెత్తాడు. ఇంజను గొంతు పెద్దదైంది. పడవ ముక్కు సరిచేసుకుని, మిగతా పడవల వెంట బయటికి సాగింది.

పడవ చిన్నదైపోతోంది. అక్క ఇంటిదారి పట్టలేదు. పక్కకు జరిగి తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళ మధ్య వేళ్ళు పోనిచ్చి గట్టిగా పట్టుకుంది. అతను పడవ వైపే చూస్తున్నాడు. చెయ్యి పట్టుకున్న సంగతి అతనికి తెలియలేదు.